కప్పులోని తుప్పు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



చెన్నపట్నంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు 75 సంవత్సరాలుగా మాతృభాషలో చదువు చెబుతున్న పాఠశాల మనది. దాని ఘనతను ప్రస్తావించడానికి ఈ వేదికపై నాకన్న అర్హులైన పెద్దలు ఉన్నారు. నాకు అప్పగించిన అంశం అంత మంగళకరంగా వినిపించకపోవచ్చు. అయినా ఉత్సవ సంవత్సరంలోనే దానిని చెప్పవలసి వచ్చింది.

పడమటి భవనపు వరండాను తాళ్ళు కట్టి ఎందుకు మూసివేశారు? ఆరు, ఏడు తరగతుల పిల్లలు ప్రార్థన మందిరంలో ఎందుకు కూర్చుంటున్నారు? జూబిలీకి తలపెట్టిన స్వాగత ద్వారం పని ఎందుకు ఆగింది? ఈ మూడు ప్రశ్నలూ కొన్ని మాసాలుగా నన్ను చేరుతున్నాయి. "కప్పు నుండి నాలుగు పెచ్చులు ఊడితే సిమెంటు పూయించి రంగు వేయించరాదా అమ్మా, ఇంత హడావుడి ఎందుకు?" అని కొందరు తల్లిదండ్రులు ఆదరంతోనే అడిగారు. వారికి క్లుప్తంగా బదులు చెప్పి ఊరుకోవడం సబబు కాదు. మూడు ప్రశ్నలకూ సమాధానం ఒక్కటే. ఆ శ్లాబులోని ఉక్కు తుప్పు పట్టింది. ఆ తుప్పును రంగుతో కప్పడం కంటె అపాయకరమైన పని మరొకటి లేదు. ఎందువల్లనో మనవి చేస్తాను.

కాంక్రీటు అనగా సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిసి గట్టిపడిన కృత్రిమ శిల. పైనుండి ఎంత బరువు నొక్కినా అది భరిస్తుంది. లాగితే మాత్రం తట్టుకోలేదు. నొక్కుడుకు ఆగే శక్తిలో లాగుడుకు ఆగే శక్తి సుమారు పదవ వంతు మాత్రమే. రెండు గోడల మీద ఆనించిన శ్లాబు బరువుకు కొంచెం వంగినప్పుడు దాని పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. ఆ సాగుడును భరించడానికే అడుగుభాగంలో ఉక్కు చువ్వలు పరుస్తారు. మన మేస్త్రీలు కమ్మీలని పిలిచేవి ఇవే. ఫ్రాన్సు దేశంలో జోసెఫ్ మోనియే అనే తోటపనివాడు సిమెంటు పూలతొట్లు పగిలిపోకుండా లోపల ఇనుప తీగల అల్లిక ఉంచి, 1867లో దానికి పేటెంటు పొందాడు. ఎండకు, చలికి ఉక్కు, కాంక్రీటు రెండూ ఇంచుమించు ఒకే ప్రమాణంలో వ్యాకోచించి, సంకోచించడం వల్ల వాటి పొత్తు కుదిరింది.

ఆ పొత్తులో మరొక మేలు కూడా ఉన్నది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు సున్నపు పదార్థమైన కాల్షియం హైడ్రాక్సైడు ఏర్పడుతుంది. అందువల్ల కాంక్రీటు సూక్ష్మ రంధ్రాలలోని తేమకు బలమైన క్షార గుణం ఉంటుంది. పి.హెచ్. విలువ 12.5కు పైన, కొన్ని వేళల 13 దాటి కూడా ఉంటుంది. అంతటి క్షారంలో ఉక్కు ఉపరితలం మీద కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, కవచంలా దానిని కాపాడుతుంది. బయట వానలో వదిలేసిన చువ్వ కొద్దిరోజులలో ఎఱ్ఱబారుతుంది. మంచి కాంక్రీటులో పొదిగిన చువ్వ దశాబ్దాల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. కనుక కాంక్రీటులో ఉక్కుకు తుప్పు అనివార్యం కాదు. కవచం పోయినప్పుడే తుప్పు మొదలవుతుంది.

"మా తాతగారి ఇంటి మిద్దె నూరేళ్ళయినా నిలిచి ఉంది కదా, మన శ్లాబుకు 50 ఏళ్ళకే ఈ గతి ఏమిటి?" అని ఒక పూర్వ విద్యార్థి అడిగారు. చక్కని ప్రశ్న. ఈ నగరంలోని పాత ఇళ్ళది మద్రాసు టెర్రస్ అనే పద్ధతి. టేకు దూలాల మీద చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు దిమ్మిస చేసేవారు. అందులో చువ్వలు లేవు. చెదలు పట్టవచ్చు, దూలం పుచ్చవచ్చు గాని చువ్వ ఉబ్బి కప్పును చీల్చే ప్రసక్తి లేదు. మన తూర్పు భవనం అటువంటిదే. పడమటి భవనం అలాంటిది కాదు. దానికి బలమిచ్చేది ఉక్కు, దాని ఆయువు ఆ ఉక్కు ఆయువుతో ముడిపడి ఉంది.

కవచం పోయే మార్గాలు ముఖ్యంగా రెండు. మొదటిది గాలి. గాలిలోని కార్బన్ డై ఆక్సైడు కాంక్రీటు రంధ్రాలలో ప్రవేశించి, అక్కడి కాల్షియం హైడ్రాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. సున్నపు తేటలోనికి గాలి ఊదితే పాలవలె మారడం మన పిల్లలు ఎరిగిన ప్రయోగమే. శ్లాబులో అదే చర్య ఏళ్ళ తరబడి, పైపొర నుండి లోపలికి, మిల్లీమీటరు వెంబడి మిల్లీమీటరుగా సాగుతుంది. అది సాగిన మేరకు క్షారగుణం తగ్గి పి.హెచ్. 9 కంటె దిగువకు చేరుతుంది. ఆ హద్దు చువ్వను తాకిననాడు కవచం కరిగిపోతుంది.

దీనిని మన పదవ తరగతి విద్యార్థులు ప్రయోగశాలలో స్వయంగా చూశారు. వరండా నుండి ఊడిపడిన పెచ్చును అప్పటికప్పుడు విరిచి, విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ చుక్కలు వేశారు. క్షారం ఉన్నచోట గులాబి రంగు రావాలి. ఆ పెచ్చు ఒక అంచు నుండి మరొక అంచు వరకు రంగు లేకుండానే ఉండిపోయింది. ఇంజనీర్లు దూలం లోపలి నుండి తీసిన ముక్క మీద అవే చుక్కలు వేయగానే చిక్కని గులాబి రంగు వచ్చింది. పిల్లలు పెచ్చు మందాన్ని స్కేలుతో కొలిచారు. 12 మిల్లీమీటర్లు. అనగా చువ్వకు, బయటి గాలికి మధ్య ఉన్న కాంక్రీటు అంత మాత్రమే. 2000లో సవరించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 ఈ కప్పుదల మందాన్ని సాధారణ పరిస్థితులలో 20, ఒక మోస్తరు పరిస్థితులలో 30, తీరప్రాంతపు గాలికి నేరుగా గురయ్యే చోట 45 మిల్లీమీటర్లుగా నిర్దేశించింది.

కొద్దిపాటి మిల్లీమీటర్ల తేడాకు ఇంత ప్రాముఖ్యం ఎందుకని అనిపించవచ్చు. ఇక్కడ ఒక లెక్క ఉన్నది. క్షారం తరిగిన పొర లోతు కాలంతో సమంగా పెరగదు, కాలపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. ఏదైనా ఒక శ్లాబులో మొదటి 10 మిల్లీమీటర్లకు 10 సంవత్సరాలు పట్టిందనుకుందాము. 20 మిల్లీమీటర్లు చేరడానికి 20 కాదు, 40 సంవత్సరాలు పడుతుంది. కప్పుదల రెట్టింపయితే కాలం నాలుగు రెట్లవుతుందన్న మాట. చువ్వల అడుగున సరియైన కవరు బ్లాకులు పెట్టకుండా దొరికిన కంకర రాయి పెట్టడం వల్ల, పనివారు నడిచినప్పుడు చువ్వలు సెంట్రింగు పలకకు అంటుకొనిపోవడం వల్ల, ఒక తరం ఆయువు కాంక్రీటు పోసిన నాడే పోతుంది.

రెండవ మార్గం ఉప్పు. సముద్రతీర వాసులమైన మనకు ఇది మరింత ముఖ్యం. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటులో క్షారం నిండుగా ఉన్నప్పటికీ చువ్వ మీది కవచాన్ని అక్కడక్కడ ఛేదిస్తుంది. ఛేదించిన చోట లోతైన గుంటలు పడతాయి. పైగా ఈ చర్యలో క్లోరైడు ఖర్చయిపోదు. ఇనుమును కరిగించి, తిరిగి విడుదలై, మళ్ళీ అదే పనికి పూనుకుంటుంది. సముద్రపు గాలి మోసుకువచ్చే తుంపర ద్వారా, కడగని సముద్రపు ఇసుక ద్వారా, కాంక్రీటు కలపడానికి వాడిన ఉప్పునీటి ద్వారా అది లోపలికి చేరుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడు ఉంటుంది. చువ్వలు వేసే కాంక్రీటుకు వాడే నీటిలో 500 మిల్లీగ్రాములకు మించరాదని పైన చెప్పిన ప్రమాణం శాసిస్తుంది.

మన నగరపు ఉత్తర దిక్కున మీంజూరు ప్రాంతంలో భూగర్భ జలాలను అతిగా తోడడం వల్ల సముద్రపు నీరు భూమిలోపల ముందుకు చొచ్చుకు వచ్చిందని 1960ల చివరి భాగంలోనే గుర్తించారు. తీరానికి దగ్గరలో బోరు వేసి నీరు తియ్యగా లేదని గ్రహించిన కుటుంబాలు ఈ సభలోనూ ఉంటాయి. పడమటి భవనం కట్టిన కాలంలో ఆవరణలోని బోరు నీటితోనే కాంక్రీటు కలిపారని ఆనాటి సిబ్బంది చెప్పగా విన్నాము. ఎవరినీ నిందించే ఉద్దేశంతో ఈ మాట అనడం లేదు. ఇంజనీర్లు శ్లాబును తొలిచి తీసిన పొడిలో క్లోరైడు హద్దుకు మించి ఉన్నట్లు ప్రయోగశాల నివేదిక వచ్చింది. వైద్యం చేయడానికి రోగకారణం తెలియాలి కనుక చెప్పుచున్నాను.

కవచం పోయిన చువ్వలో జరిగేది ఒక చిన్న విద్యుత్ ఘటం పని వంటిది. చువ్వమీద ఒకచోట ఇనుము అయాన్లుగా కరుగుతుంది. అక్కడ విడుదలైన ఎలక్ట్రాన్లు చువ్వగుండా ప్రయాణించి, మరొకచోట తేమతోను, ఆక్సిజనుతోను కలుస్తాయి. తేమ లేకున్నా, ఆక్సిజను అందకున్నా ఈ పని సాగదు. అందుకే ఎల్లప్పుడూ నీటి అడుగున మునిగి ఉండే భాగం కంటె, తడిసి ఆరి మళ్ళీ తడిసే భాగం త్వరగా చెడుతుంది. స్నానాల గది శ్లాబు, కిటికీ మీది సన్‌షేడు, నీళ్ళ ట్యాంకు కింది స్తంభాలు, వాన జల్లు కొట్టే వరండా ముందుగా పాడవడానికి కారణం ఇదే.

తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె రెండు నుండి ఆరు రెట్లు ఎక్కువ స్థలం ఆక్రమిస్తుంది. రాతివంటి కాంక్రీటు మధ్య దానికి చోటెక్కడిది? లోపలి నుండి ఒత్తిడి చేస్తుంది. లాగుడుకు బలహీనమైన కాంక్రీటు చీలుతుంది. మొదట చువ్వ వెంబడి సన్నని గీత వంటి పగులు కనిపిస్తుంది. పిమ్మట గోధుమరంగు మరక, కర్రతో తట్టితే డొల్ల శబ్దం, చివరకు పెచ్చు ఊడడం. పగులు పడిన తరువాత నీరు, గాలి తిన్నగా చువ్వను చేరుతాయి కనుక వేగం హెచ్చుతుంది. 1982లో స్వీడను దేశంలో టూటీ అనే శాస్త్రజ్ఞుడు ఈ క్రమాన్ని రెండు దశలుగా వివరించాడు. కవచం చెదరని సుదీర్ఘమైన మొదటి దశలో పైకి ఏమీ కనిపించదు. తుప్పు నడిచే రెండవ దశ మొదటిదానితో పోలిస్తే తరచుగా చిన్నది. మన కంటికి లక్షణాలు కనబడేసరికి రెండవ దశ చాలా దూరం నడిచి ఉంటుంది. పెచ్చు ఊడడం రోగారంభం కాదని తల్లిదండ్రులు గ్రహించాలని నా ప్రార్థన.

ఇప్పుడు సిమెంటు పూసి రంగు వేసే విషయానికి వస్తాను. ఆ వైద్యం ఇదివరకే జరిగింది. కొన్నేళ్ళ క్రితం వరండాలో ఒకచోట పెచ్చు ఊడితే పనివారు చువ్వ మీది తుప్పును పైపైన గీకి, కొత్త సిమెంటుతో పూడ్చి, సున్నం వేసి వెళ్ళారు. ఆ పూడ్చిన చోటు నేటికీ గట్టిగానే ఉన్నది. ఈ ఏడాది పెచ్చులు ఊడింది దాని చుట్టూ ఉన్న అంచులలో. ఇది కాకతాళీయం కాదు. కొత్త సిమెంటులో క్షారం ఉన్నందున అక్కడి చువ్వకు కవచం తిరిగి వచ్చింది. అంతకు పూర్వం అక్కడ ఇనుము కరుగుతున్నంత కాలం ప్రక్కనున్న చువ్వ భాగం ఎలక్ట్రాన్లను అందుకుంటూ కొంత రక్షణ పొందింది. మధ్య భాగం మాన్పగానే ఆ రక్షణ పోయి, ఉప్పు నిండిన పాత కాంక్రీటులోని అంచులు కరగడం మొదలుపెట్టాయి. ఉప్పు పట్టిన కాంక్రీటులో అతుకు వేయడం రోగాన్ని ప్రక్కకు జరపడమే అవుతుంది. పైన రంగు కూడా వేస్తే మరక కనిపించదు, పగులు కనిపించదు. మనకు హెచ్చరిక చేసే నోటిని మనమే మూసినట్లవుతుంది.

మరి హెచ్చరిక అందని చోట ఏమవుతుందో లోకం చూసింది. గోవాలో పణజి వద్ద మాండవి నది మీది వంతెన, కట్టి రెండు దశాబ్దాలైనా నిండకుండానే, 1986 జూలై 5న కూలిపోయింది. అది బిగించిన ఉక్కు తీగలతో నిలిచే వంతెన. తీగలను తుప్పు తినివేసింది. ఇటలీలో జెనోవా నగరాన 1967లో ప్రారంభించిన మొరాండి వంతెన 2018 ఆగస్టు 14న కూలి 43 మంది ప్రాణాలు కోల్పోయారు. అక్కడ వంతెనను మోసే ఉక్కు తీగలు కాంక్రీటు తొడుగులో దాగి ఉండేవి. ఆ తొడుగు లోపల తీగలు తుప్పుపట్టాయని న్యాయస్థానం నియమించిన నిపుణులు తేల్చారు. బిగించిన తీగ తెగితే ముందుగా పెచ్చు ఊడి హెచ్చరించదు. మన శ్లాబులో ఉన్నవి మామూలు చువ్వలు. అవి ముందుగానే హెచ్చరించాయి. ఆ హెచ్చరిక సెలవు దినాన, పిల్లలు లేని వేళ రావడం భగవంతుని దయ. దానిని పెడచెవిని పెట్టే హక్కు మనకు లేదు.

శ్రద్ధ వహిస్తే సముద్రం ఒడ్డున కూడా ఉక్కు నిలుస్తుంది. మెక్సికో దేశంలో ప్రోగ్రెసో అనే ఊరిలో 1937-41 మధ్య స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలతో కట్టిన పొడవైన రేవు ఉన్నది. పెద్ద మరమ్మతులు లేకుండానే అది దశాబ్దాల పాటు సేవచేసింది. తరువాతి కాలంలో మామూలు ఉక్కుతో దాని ప్రక్కనే కట్టినది మాత్రం శిథిలమయింది. మన రాష్ట్రంలోనే కారైక్కుడిలో 1948లో స్థాపించిన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ, ఉక్కును తుప్పు నుండి కాపాడే పద్ధతులపై దీర్ఘకాలంగా కృషి చేస్తున్నది. విద్య ఉన్నది, దానిని వాడుకోవడమే మన వంతు.

పాలకవర్గం తీసుకున్న నిర్ణయాలను ఇక విన్నవిస్తాను. మొదట వరండా శ్లాబు కింద ఉక్కు ఊతలు నిలిపాము. ఇంజనీర్లు శ్లాబంతటినీ సుత్తితో తట్టి డొల్లగా పలికే చోట్లను సుద్దతో గుర్తించారు. రాగి, మైలుతుత్తం గల ఎలక్ట్రోడుతో చువ్వల విద్యుత్ పొటెన్షియల్‌ను కొలిచారు. రుణ దిశలో 350 మిల్లీవోల్టులు దాటిన చోట తుప్పు నడుస్తున్నట్లు భావించాలట. వరండాలో అధిక భాగం ఆ హద్దు దాటింది. తరగతి గదుల దూలాలలో దాటలేదు. కనుక ఉప్పు పట్టిన వరండా శ్లాబును పూర్తిగా తొలగించి కొత్తది వేయాలని, దూలాలను అలాగే ఉంచి, పైకప్పు నీటి చెమ్మను అరికట్టాలని సలహా ఇచ్చారు. తరగతి గదులలో దెబ్బతిన్న కొద్దిచోట్ల చువ్వ వెనుక వరకు కాంక్రీటు చెక్కి, తుప్పును మెరిసేటంత శుభ్రం చేసి, సన్నబడిన చువ్వ ప్రక్కన కొత్త చువ్వ జతచేసి, తగిన మిశ్రమంతో నింపుతారు.

స్వాగత ద్వారానికి చేర్చిన విరాళాన్ని ఈ పనికి మళ్ళించడానికి దాతల అనుమతి కోరుచున్నాము. ఉత్సవానికి వచ్చేవారి కంటికి ద్వారం కనిపిస్తుంది, శ్లాబులోని చువ్వ కనిపించదు. ఆ సంగతి నాకు తెలుసు. ద్వారం మీద తమ పెద్దల పేరు చూసుకోవాలన్న కోరిక సహజమైనది, గౌరవించదగినది. కాని ఆ వరండాలో రోజూ నడిచే పిల్లల తలలపై ఉన్నది ద్వారం కాదు. ఖర్చు విషయంలో డి సిట్టర్ అనే ఇంజనీరు 1984లో చెప్పిన ఒక స్థూలసూత్రం ఉన్నది. కట్టేటప్పుడు శ్రద్ధకు ఒక రూపాయి పెట్టకపోతే, తుప్పు మొదలు కాకముందు జాగ్రత్తకు 5 రూపాయలు, మొదలయిన తరువాత మరమ్మతుకు 25, పూర్తిగా ముదిరిన పిమ్మట 125 అవుతుందని దాని సారాంశం. మన వరండా నాల్గవ మెట్టు మీద ఉన్నది. తరగతి గదులు ఇంకా మూడవ మెట్టు దాటలేదు. ఒక్క సంవత్సరం వాయిదా వేసినా అవి దాటవచ్చు.

సొంత ఇల్లు కట్టుకోబోయే తల్లిదండ్రులకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. నీటిని పరీక్ష చేయించకుండా కాంక్రీటు కలపనివ్వకండి. శ్లాబు పోయడానికి ముందు స్వయంగా వెళ్ళి, చువ్వల కింద కవరు బ్లాకులు ఉన్నవో లేవో చూడండి. పోత సులువని మేస్త్రి అదనంగా నీరు కలుపుతుంటే వారించండి, ఆ నీరు ఆరిన తరువాత మిగిలే రంధ్రాలే గాలికి, ఉప్పుకు దారులు. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, మన ఎండలలో 10 రోజులు, బూడిద వంటివి కలిసిన మిశ్రమ సిమెంటుకు 14 రోజులు విడవకుండా తడపండి. అద్దె ఇంట్లో ఉన్నవారు సన్‌షేడు కింద గోధుమరంగు మరక చూస్తే యజమానికి తెలియజేసి, పిల్లలను దాని కింద ఆడనివ్వకండి.

కొత్త శ్లాబు పోసే రోజున పదవ తరగతి విద్యార్థులు స్కేళ్ళు పట్టుకొని కప్పుదల కొలుస్తారని ఇంజనీర్లతో ముందే ఒప్పందం చేసుకున్నాము. వారు కొలిచిన అంకెలను తేదీతో సహా పాఠశాల రికార్డులో వ్రాసి ఉంచుతాము. నూరేళ్ళ పండుగ నాటికి ఈ కుర్చీలో కూర్చునేవారికి ఆ కప్పులో ఏమి ఉన్నదో వెతుక్కోవలసిన అవసరం ఉండదు. దాతలు తమ సమ్మతిని ఈ సభ ముగిసేలోగా గాని, ఈ మాసాంతంలోగా గాని కార్యాలయంలో తెలియజేయ ప్రార్థన.